ఉప్పుగాలిలో ఆటల కంప్యూటరు

కంప్యూటరును కంపెనీ పెట్టెలో సిద్ధంగా కొనకుండా, దానిలోని ఒక్కొక్క భాగాన్నీ విడిగా ఎంచుకొని దుకాణంలోనో ఇంటిలోనో కూర్పించుకోవడాన్ని తెలుగునాట అందరూ సిస్టమ్ అసెంబుల్ చేయించడం అనే అంటారు. ఉత్తరాలు టైపు చేయడానికీ పాఠాలు చూడడానికీ కావలసిన యంత్రాన్ని ఈ పద్ధతిలో కూర్పించడంలో పెద్ద చిక్కు లేదు. ఏ భాగం కొంచెం నాసిగా ఉన్నా పని ఆగదు. వీడియో గేములు ఆడడానికి కూర్చే యంత్రం అలా కాదు. ప్రతి భాగాన్నీ దాని శక్తి చివరి వరకు గంటల తరబడి పని చేయించే యంత్రం అది, కనుక ఎంపికలో జరిగిన లోపం మొదటి నెలలోనే బయటపడుతుంది. ఇక్కడ గేము అంటే రమ్మీ, పోకరు వంటి డబ్బు ఆట అని ఇంటి పెద్దలు అనుమానించనక్కరలేదు. ఆన్‌లైను రమ్మీ, పోకరులను ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2020లోనే నిషేధించింది. 2025లో పార్లమెంటు చేసిన చట్టం డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైను ఆటలను దేశమంతటా నిషేధిస్తూనే, నైపుణ్యంతో పోటీపడే ఈ-స్పోర్ట్స్‌ను వేరుగా గుర్తించింది. ఈ ప్రసంగం ఆ రెండవ రకం ఆటలకూ, సరదాగా ఆడుకొనే ఆటలకూ సంబంధించినది.

శ్రీకాకుళం జిల్లా ఉత్తరపు కొసన, కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు మండలాలలో కొబ్బరి, జీడి, పనస తోటలతో పరచుకొన్న ఉద్దానంలో ఇటువంటి యంత్రాన్ని కూర్పించదలచిన కుటుంబానికి డబ్బు తక్కువ కావడం ఒక ఇబ్బంది అయితే, ఉన్న డబ్బును ఎలా పంచాలో చెప్పే లెక్కలన్నీ వేరే ఊళ్ల కోసం తయారై ఉండడం అంతకన్నా పెద్ద ఇబ్బంది. నగరాలలో ప్రచారంలో ఉన్న లెక్క ప్రకారం మొత్తం సొమ్ములో సగానికి దగ్గరగా గ్రాఫిక్స్ కార్డుకు పోతుంది, పావు వంతుకు పైగా ప్రాసెసరూ మదర్‌బోర్డూ తీసుకొంటాయి, మిగిలినవన్నీ మిగిలిన దానిలో సర్దుకొంటాయి, యంత్రానికి కరెంటు అందించే ఎస్‌ఎంపిఎస్‌కు చివరికి దక్కేది చిల్లర మాత్రమే. కరెంటు నిలకడగా ఉండి, సముద్రం దూరంగా ఉండి, పాడైన భాగాన్ని సాయంత్రానికల్లా మార్చుకొనే వీలున్న చోట ఆ లెక్క చెల్లుతుంది. కవిటిలో చెల్లదు. ఈ తీరంలో మొదటి వాటాను కరెంటుకూ గాలికీ తీసి పక్కన పెట్టి, మిగిలిన సొమ్ముతో బొమ్మ నాణ్యతను ఎంత కొనగలిగితే అంత కొనుక్కోవడమే తెలివైన పద్ధతి.

అసలు ఆటల యంత్రం చేసే పని ఏమిటో తెలిస్తే ఈ పంపకం ఎందుకో అర్థమవుతుంది. తెర మీద కదులుతున్నట్లు కనిపించేది నిజానికి ఒకదాని వెంట ఒకటిగా మారే నిశ్చల చిత్రాల వరుస. అందులోని ఒక్కొక్క చిత్రాన్ని ఫ్రేము అంటారు. సెకనుకు 60 ఫ్రేములు రావాలంటే ఒక్కొక్క ఫ్రేమును తయారు చేయడానికి యంత్రానికి చిక్కే వ్యవధి సుమారు 16.7 మిల్లీసెకన్లు. ఆ వ్యవధిలోనే ఆటగాడు ఎక్కడ ఉన్నాడు, తూటా ఎటు పోయింది, గోడ ఎక్కడ అడ్డు తగిలింది అన్న లెక్కలన్నీ ప్రాసెసరు కట్టి, ఏమేమి గీయాలో గ్రాఫిక్స్ కార్డుకు చెబుతుంది; గ్రాఫిక్స్ కార్డు ఆ వివరాలను పిక్సెళ్లు అనే రంగు చుక్కలుగా మార్చి తెరకు పంపుతుంది. ఫుల్ హెచ్‌డి తెర మీద అడ్డంగా 1920, నిలువుగా 1080, మొత్తం 20 లక్షల 73 వేలకు పైగా చుక్కలు ఉంటాయి. 4కె తెర మీద అంతకు సరిగ్గా నాలుగింతలు. పలాస జీడి కర్మాగారంలో గింజ కోసేవారి చేయి మందగిస్తే పొట్టు తీసేవారూ గ్రేడు చేసేవారూ ఎంత చురుకైనవారైనా ఊరక కూర్చోవలసి వచ్చినట్లే, ప్రాసెసరు, గ్రాఫిక్స్ కార్డులలో ఏది వెనుకబడినా రెండవదాని మీద పెట్టిన డబ్బు పని లేక పడి ఉంటుంది.

కనుక కొనుగోలు లెక్క తెర దగ్గర, ఆడదలచిన ఆట దగ్గర మొదలు కావాలి. 2020లో వచ్చిన వాలరెంట్ వంటి పోటీ ఆటలను తక్కువ శక్తి గల యంత్రాల మీద కూడా నడిచేలా తయారు చేశారు. వాటిలో అందం కన్నా వేగం ముఖ్యం, కాబట్టి సెకనుకు 144 సార్లు మారగల, అంటే 144 హెర్ట్జ్ తెర అక్కడ నిజంగా పనికివస్తుంది. కథతో, విశాలమైన నగరాలతో, వెలుగు నీడలతో సాగే భారీ ఆటలకు 60 నుంచి 75 ఫ్రేములు వస్తే చాలును గాని గ్రాఫిక్స్ కార్డులో బలం ఉండాలి. తక్కువ సొమ్ముతో బయలుదేరినవారు 4కె తెర ఊసు ఎత్తకుండా ఫుల్ హెచ్‌డి దగ్గర ఆగిపోవడం మేలు. తెర మీద ఆదా చేసినది ఒక్కసారి మిగిలే డబ్బు కాదు. చుక్కల సంఖ్య తగ్గితే కార్డు చిన్నదైనా సరిపోతుంది, కార్డు చిన్నదైతే ఎస్‌ఎంపిఎస్, కరెంటు పోయినప్పుడు కాసేపు ఆదుకొనే యూపీఎస్ కూడా చిన్నవి సరిపోతాయి.

ఇక కరెంటు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను వజ్రపుకొత్తూరు మండలం గొల్లపాడు దగ్గర తీరం దాటినప్పుడు కొబ్బరి, జీడి తోటలతో పాటు వేల సంఖ్యలో కరెంటు స్తంభాలు నేలకొరిగి, పల్లెలు రోజుల తరబడి చీకటిలో ఉండిపోయిన సంగతి ఉద్దానంలో ఎవరికీ గుర్తు చేయనక్కరలేదు. యంత్రానికి చేటు చేసేది అటువంటి పెద్ద విపత్తు ఒక్కటే కాదు. కరెంటు లేని రోజుల్లో కంప్యూటరు ఎలాగూ ఆగి ఉంటుంది. కరెంటు తిరిగి వచ్చే క్షణంలోనూ, ఆ తరువాత తాత్కాలికంగా అతికించిన లైన్ల మీదనూ అసలు ప్రమాదం పొంచి ఉంటుంది. మూడు ఫేజుల లైనులో న్యూట్రలు తీగ తెగినా వదులైనా, 230 వోల్టులు రావలసిన ఇంటికి ఒక్కసారిగా 300, 400 వోల్టుల దాకా రావచ్చు. పంపుసెట్లు నడిచే వేళల్లో దీనికి విరుద్ధంగా లో వోల్టేజి పీడిస్తుంది. ఈ రెండింటి మధ్య నలిగేది ఎస్‌ఎంపిఎస్.

ఎస్‌ఎంపిఎస్ అంటే గోడలోని ఆల్టర్నేటింగు కరెంటును తీసుకొని, యంత్రంలోని భాగాలకు కావలసిన 12, 5, 3.3 వోల్టుల డైరెక్టు కరెంటుగా మార్చి ఇచ్చే ఇనుప డబ్బా. ప్రాసెసరుకూ గ్రాఫిక్స్ కార్డుకూ ముఖ్యంగా అందవలసినది 12 వోల్టుల కరెంటు. శ్రోతలు ఏ దుకాణంలోనైనా ఈ డబ్బాను చేతిలోకి తీసుకొని పక్కనున్న చీటీని చదివితే సంగతి తేలిపోతుంది. పైన పెద్ద అక్షరాలతో 450 అని ఉన్నా, కింది పట్టికలో 12 వోల్టుల గడిలో 16 ఆంపియర్లు అని ఉంటే, 12ను 16తో హెచ్చించగా వచ్చే 192 వాట్లే ఆ డబ్బా ఆటకు ఇవ్వగలిగినది. నిజమైన 450 వాట్ల డబ్బా మీద అదే గడిలో సుమారు 37 ఆంపియర్లు కనిపిస్తాయి, అంటే 444 వాట్లు. చేతిలో పట్టుకొన్నప్పుడు తేలికగా ఉండేవి చాలా వరకు మొదటి జాతికి చెందినవే. అదే చీటీలో లోపలికి తీసుకొనే వోల్టేజి గడిని కూడా చూడాలి; అక్కడ 100 నుంచి 240 వరకు అని ఉన్న డబ్బా లో వోల్టేజిని తనంతట తాను తట్టుకొంటుంది, 200 నుంచి 240 వరకు అని ఉన్నది సాయంత్రం వేళ చేతులెత్తేస్తుంది. మొదటి రకం కొన్న ఇంటికి విడిగా స్టెబిలైజరు అక్కరలేదు. రిలే టిక్కుమన్న ప్రతిసారీ కరెంటును లిప్తపాటు తెంచే చౌక స్టెబిలైజరు మేలు కన్నా కీడే ఎక్కువ చేస్తుంది.

80 ప్లస్ అనే ముద్ర గురించి దుకాణదారులు చాలా చెబుతారు. 2004లో అమెరికాలో మొదలైన ఈ ముద్ర డబ్బా ఎంత పొదుపుగా కరెంటు మారుస్తుందో చెబుతుంది. అందులో బ్రాంజు తరగతికి సగం భారం దగ్గర 85 శాతం సామర్థ్యం ఉండాలి, అంటే గోడ నుంచి 100 వాట్లు తీసుకొంటే 85 లోపలికి చేరి, 15 వేడిగా పోతాయి. వోల్టేజి ఎగసినప్పుడు యంత్రాన్ని కాపాడుతుందా లేదా అన్నది ఈ ముద్ర చెప్పదు. అందుకు ఎక్కువ వోల్టేజి, ఎక్కువ భారం, షార్ట్ సర్క్యూటు, ఈ మూడింటి నుంచీ రక్షణ ఉన్నట్లు తయారీదారు స్పష్టంగా రాసి, కనీసం 3 ఏళ్లు, వీలైతే 5 ఏళ్ల వారంటీ ఇచ్చిన డబ్బాను తీసుకోవాలి. ఫుల్ హెచ్‌డి ఆటల యంత్రానికి 450 నుంచి 550 వాట్ల నిజమైన డబ్బా చాలు. 750 వాట్లు కావాలని ఎవరైనా పట్టుబడితే, ఆ అదనపు సొమ్ము యూపీఎస్‌కు మళ్లించడం మంచిది.

యూపీఎస్ లెక్కలో ఒక తిరకాసు ఉంది. దాని పెట్టె మీద రాసేది వాట్లు కాదు, వోల్టు ఆంపియర్లు. సాధారణంగా 600 విఎ యూపీఎస్ సుమారు 360 వాట్లను, 1000 విఎ యూపీఎస్ సుమారు 600 వాట్లను మోయగలదు. ఆరు కోర్ల ప్రాసెసరూ, 130 వాట్ల గ్రాఫిక్స్ కార్డూ ఉన్న యంత్రం ఆట మధ్యలో తెరతో కలిపి సుమారు 300 వాట్లు తీసుకొంటుంది. 600 విఎ దానికి అంచున నిలుస్తుంది, పాత బ్యాటరీతో అయితే నిలవదు. రోజుకు నాలుగు గంటలు ఆడితే నెలకు ఖర్చయ్యేది 36 యూనిట్లు, అది కూడా ఇంటి బిల్లు శ్లాబు చూసుకొని లెక్కలో వేసుకోవలసినదే. ఇంట్లో ఇప్పటికే పెద్ద ఇన్వర్టరు ఉన్నవారు దాని వెనుక ఉండే మీటను యూపీఎస్ వైపు తిప్పి కంప్యూటరుకు వాడవచ్చును గాని, రెండు విషయాలు గమనించాలి. కరెంటు పోయిన క్షణం నుంచి ఇన్వర్టరు అందుకొనే వరకు గడిచే మిల్లీసెకన్లను ఎస్‌ఎంపిఎస్ తన లోపల దాచుకొన్న శక్తితో నెట్టుకురావాలి. మంచి డబ్బా సుమారు 16 మిల్లీసెకన్లు నిలుస్తుంది, నాసిరకపు డబ్బా అంతకు ముందే ఆరిపోయి యంత్రం రీస్టార్టు అవుతుంది. రెండవది, ఇన్వర్టరు ఇచ్చే అల రూపం. ఫ్యాన్లకూ దీపాలకూ సరిపోయే చదరపు అల మంచి ఎస్‌ఎంపిఎస్‌లకు పడక గీమనే శబ్దం రావచ్చు, కొన్నిసార్లు ఆగిపోవచ్చు, కాబట్టి ప్యూర్ సైన్ వేవ్ అని ఉన్న ఇన్వర్టరు అయితేనే ఈ ఏర్పాటు పెట్టుకోవాలి.

ఎర్తింగు సంగతి దుకాణంలో ఎవరూ ఎత్తరు, ఎందుకంటే అది వారు అమ్మే సరుకు కాదు. చాలా ఇళ్లలో చెప్పులు లేని కాళ్లతో నిలబడి క్యాబినెట్టును ముట్టుకొంటే వేళ్ల చివర సన్నగా జుమ్మంటుంది. యంత్రం పాడైందని భయపడి మెకానిక్కును పిలిచేవారు కొందరైతే, అది మామూలేనని వదిలేసేవారు ఇంకొందరు. ఎస్‌ఎంపిఎస్ లోపల విద్యుత్ శబ్దాన్ని అణచడానికి రెండు చిన్న కెపాసిటర్లను ఒకటి ఫేజు నుంచి, ఒకటి న్యూట్రలు నుంచి ఇనుప డబ్బాకు కలిపి ఉంచుతారు. మూడవ పిన్ను నిజంగా భూమిలోకి చేరితే ఆ స్వల్ప కరెంటు మట్టిలోకి పోతుంది, చేరకపోతే డబ్బా మొత్తం వచ్చే వోల్టేజిలో సగం దగ్గర, అంటే సుమారు 115 వోల్టుల దగ్గర తేలుతూ ఉంటుంది. ప్రవాహం చాలా స్వల్పం కనుక మనిషికి మామూలుగా ప్రాణాపాయం ఉండదు గాని, అదే స్థితిలో టీవీ తీగనో సెట్‌టాప్ బాక్సు తీగనో తగిలిస్తే గ్రాఫిక్స్ కార్డు హెచ్‌డిఎంఐ రంధ్రం కాలిపోయే అవకాశం ఉంది. ఉద్దానపు ఇసుక నేల ఎండాకాలంలో ఆరిపోయినప్పుడు కరెంటును తేలికగా పీల్చుకోదు. ఎర్తు గొయ్యి తీసి, ఉప్పు, బొగ్గు పొరలుగా వేసి, దానికి అప్పుడప్పుడు నీళ్లు పోస్తూ ఉండడం ఏ గ్రాఫిక్స్ కార్డు కన్నా ముందు పెట్టవలసిన ఖర్చు. మూడు పిన్నుల ప్లగ్గును రెండు పిన్నుల అడాప్టరుతో గోడకు తగిలించే అలవాటు ఉన్న ఇంట్లో ఆ గొయ్యి ఉన్నా లేనట్లే. వోల్టేజి హద్దు దాటగానే తెంచివేసే కట్‌ఆఫ్ పరికరాన్ని మీటరు పక్కన బిగిస్తే, న్యూట్రలు తెగిన రోజున కంప్యూటరుతో పాటు ఫ్రిజ్, టీవీ కూడా బతుకుతాయి.

గాలి రెండవ శత్రువు. అలల తుంపర నుంచి ఎగిరే ఉప్పు రేణువులు గాలిలో తేమ సుమారు 75 శాతం దాటగానే ఆ తేమను పీల్చుకొని సన్నని ఉప్పునీటి పొరగా మారతాయి; ఈ తీరంలో ఏడాదిలో చాలా రోజులు తేమ ఆ హద్దు పైనే ఉంటుంది. ఫ్యాను లోపలికి లాగిన దుమ్ముతో ఆ పొర కలిస్తే మదర్‌బోర్డు మీద కరెంటు పోకూడని దారిలో పోవడం మొదలవుతుంది, రాగి పచ్చబడుతుంది, స్క్రూలు తుప్పు పడతాయి. బారువ వంటి సముద్రపు ఒడ్డు ఊళ్లలో ఈ బాధ ఎక్కువ, లోపలికి పోయే కొద్దీ త్వరగా తగ్గుతుంది. కొబ్బరి పీచు తీసే చోట్ల ఎగిరే నారదుమ్మూ, జీడిపిక్కలు కాల్చే చోట్ల వచ్చే జిడ్డు పొగా దీనికి తోడైతే ఫ్యాను రెక్కల మీద తుడిచినా పోని మడ్డి పేరుకొంటుంది.

కాబట్టి క్యాబినెట్టును దీపాల కోసమో గాజు తలుపు కోసమో ఎంచకూడదు. ముందు భాగమంతా జాలీగా ఉండి, జాలీ వెనుక విప్పి కడుక్కొనే వడపోత ఉండి, లోపలికి ఊదే ఫ్యాన్లు బయటికి తోసే ఫ్యాన్ల కన్నా ఒకటి ఎక్కువగా ఉంటే, పెట్టెలో గాలి ఒత్తిడి కొంచెం హెచ్చుగా నిలిచి, సందుల్లోంచి దుమ్ము రాకుండా వడపోత దారినే వస్తుంది. పెట్టెను నేల మీద పెట్టకుండా బల్ల మీద, కిటికీకి దూరంగా ఉంచాలి. వెనుక వైపు వాడని రంధ్రాలను మూసి ఉంచితే బల్లులు, చీమలు లోపలికి పోవు. ఎస్‌ఎంపిఎస్‌లోకి దూరిన బల్లి తానూ చచ్చి యంత్రాన్నీ చంపుతుంది. రోజూ కాసేపు నడిచే యంత్రం తన వేడితో తాను పొడిగా ఉంటుంది. ఇంటి అబ్బాయి పనికి గుజరాత్‌కో గల్ఫ్‌కో వెళ్లి, కంప్యూటరు నెలల తరబడి మూలన పడి ఉంటేనే ఉప్పు తన పని నిదానంగా చేసుకుపోతుంది. అటువంటప్పుడు వారానికి ఒకసారి ఇంట్లోవారు గంటసేపు ఆన్ చేసి ఉంచడం మంచిది. తెర నల్లగా ఉండిపోయి యంత్రం లేవని రోజున, చాలాసార్లు దోషం యంత్రపు జ్ఞాపకమైన ర్యామ్ పలక బంగారు పూత అంచుల మీది మసకదే అవుతుంది. కరెంటు తీసివేసి, పలకను బయటికి లాగి, పెన్సిలు రబ్బరుతో ఆ అంచులను మెల్లగా రుద్ది తిరిగి గట్టిగా నొక్కితే సరిపోతుంది.

ఇంతవరకు వచ్చాక మిగిలిన సొమ్ముతో ప్రాసెసరు సంగతి చూడవచ్చు. ప్రాసెసర్లనూ గ్రాఫిక్స్ చిప్పులనూ రూపొందించే ఇంటెల్, ఎఎండి, ఎన్‌విడియా మూడింటికీ హైదరాబాదులో ఇంజనీరింగు కేంద్రాలు ఉన్నాయి గాని, అందువల్ల తెలుగువారికి ధర పైసా తగ్గదు. ఎఎండి ప్రాసెసర్లకు ఎఎం4, ఎఎం5 అని రెండు సాకెట్లు వాడుకలో ఉన్నాయి. సాకెట్టు అంటే మదర్‌బోర్డు మీద ప్రాసెసరు కూర్చొనే గూడు. ఎఎం4 పాతది, దాని బోర్డులు చౌక, వాటికి పట్టేది డిడిఆర్4 ర్యామ్. 2022లో వచ్చిన ఎఎం5కు డిడిఆర్5 ర్యామ్ తప్పనిసరి, ఖర్చు ఎక్కువే అయినా రేపు ప్రాసెసరు ఒక్కటే మార్చి యంత్రానికి కొత్త బలం ఇచ్చే వీలు అందులో ఉంది. ఇంటెల్ వైపు నాలుగు కోర్ల ఐ3-12100ఎఫ్, ఆరు కోర్ల ఐ5-12400ఎఫ్ తక్కువ సొమ్ముకు పేరు తెచ్చుకొన్నవి. చివరి ఎఫ్ అక్షరానికి అర్థం, అందులో బొమ్మ గీసే భాగం లేదని. గ్రాఫిక్స్ కార్డు పాడై వారంటీకి పంపిన వారాలలో ఎఫ్ ప్రాసెసరు ఉన్న యంత్రం పూర్తిగా మూలపడుతుంది. సర్వీసు కేంద్రం దూరమైన ఊరిలో కొంచెం ఎక్కువ పెట్టి ఎఫ్ లేనిదాన్ని తీసుకోవడం దుబారా అనిపించుకోదు.

ఉద్దానం కుటుంబాల ఆదాయం నెల జీతంలా రాదు. జీడి అమ్మినప్పుడు ఒకసారి, బయటి ఊరి నుంచి డబ్బు వచ్చినప్పుడు ఒకసారి చేతిలో ఆడుతుంది. అటువంటి ఇంటికి యంత్రాన్ని రెండు విడతలుగా కూర్చే దారి బాగా పొసగుతుంది. 2021లో వచ్చిన రైజెన్ 5 5600జి అనే ఆరు కోర్ల ప్రాసెసరులో బొమ్మ గీసే భాగం కూడా కలిసే ఉంది, కాబట్టి మొదటి విడతలో గ్రాఫిక్స్ కార్డు లేకుండానే వాలరెంట్ వంటి ఆటలు ఫుల్ హెచ్‌డిలో హాయిగా నడుస్తాయి, భారీ ఆటలు మాత్రం నాణ్యత బాగా తగ్గించుకొని ఆడాలి. ఈ దారి పట్టినవారు ఎస్‌ఎంపిఎస్‌ను మాత్రం రేపు రాబోయే కార్డుకు తగినట్లుగా మొదటి రోజే కొనాలి. ర్యామ్‌ను 16 జీబీ పలక ఒకటి కాకుండా 8 జీబీ పలకలు రెండు వేయాలి. ఇందులో బొమ్మ గీసే భాగానికి తన సొంత జ్ఞాపకం లేదు, ర్యామ్‌నే వాడుకొంటుంది, 3200 వేగపు డిడిఆర్4 పలక ఒక్కటి సెకనుకు 25.6 జీబీ అందిస్తే రెండు కలిసి 51.2 జీబీ అందిస్తాయి. ఈ ఒక్క మార్పుతో ఆటలో ఫ్రేములు కళ్లకు తెలిసేటంతగా పెరుగుతాయి. 2025 చివరి నుంచి ఏఐ డేటా సెంటర్లు మెమరీ చిప్పులను ఎగబడి కొనడంతో ర్యామ్ ధరలు ఆకాశాన్ని అంటాయి, కనుక పాత యంత్రంలో పనికివచ్చే డిడిఆర్4 పలకలు ఉంటే వాటిని పారవేయకుండా కొత్త బోర్డును వాటికి తగినట్లు ఎంచుకోవడం ఇప్పుడు నిజమైన పొదుపు.

పాత ఆఫీసు కంప్యూటర్లను చౌకగా కొని, అందులో ఒక కార్డు గుచ్చి ఆటల యంత్రంగా మార్చే పద్ధతి కూడా ప్రచారంలో ఉంది. వాటిలో కొన్నింటి ఎస్‌ఎంపిఎస్ పిన్నులు ఆ కంపెనీకే ప్రత్యేకం, అది పాడైతే బయట దొరికే డబ్బా అతకదు. పైగా విండోస్ 10కు 2025 అక్టోబరు 14తో మద్దతు ముగిసింది. విండోస్ 11కు ఇంటెల్‌లో 8వ తరం, ఎఎండిలో రైజెన్ 2000 వరుస కన్నా పాతవాటిని మైక్రోసాఫ్ట్ దాదాపుగా అంగీకరించదు, విండోస్ 11 మీద వాలరెంట్ ఆడాలంటే టిపిఎం 2.0, సెక్యూర్ బూట్ అనే రెండు భద్రతా ఏర్పాట్లు యంత్రంలో ఉండాలి. ఈ రెండూ లేని పాత పెట్టె ఎంత చౌకైనా ఆటకు అందదు.

గ్రాఫిక్స్ కార్డులో మొదట చూడవలసినది దాని సొంత జ్ఞాపకం. 2019లో వచ్చిన జిటిఎక్స్ 1650లో 4 జీబీ మాత్రమే ఉంటుంది. అది 75 వాట్లతో, చాలా రకాలలో విడి కరెంటు తీగ కూడా లేకుండా నడుస్తుంది కాబట్టి పోటీ ఆటలకు ఇప్పటికీ పనికివస్తుంది గాని, కొత్త భారీ ఆటల దృశ్యాలు 4 జీబీలో ఇమడక బొమ్మ ఆగి ఆగి కదులుతుంది. 8 జీబీ గల కార్డులలో 2021లో వచ్చిన ఆర్‌ఎక్స్ 6600 సుమారు 132 వాట్లతో, 2023లో వచ్చిన ఆర్‌టిఎక్స్ 4060 సుమారు 115 వాట్లతో ఫుల్ హెచ్‌డి ఆటలను సుఖంగా నడుపుతాయి. కరెంటు తక్కువ తీసుకొనే కార్డు యూపీఎస్ మీద ఎక్కువసేపు నిలుస్తుందన్న సంగతి ఇక్కడివారు మరువరాదు. ఆర్‌ఎక్స్ 6500 ఎక్స్‌టి మదర్‌బోర్డుతో నాలుగు దారుల మీదనే మాట్లాడుతుంది, 5600జి వంటి పాత తరం వేగపు ప్రాసెసరు పక్కన అది ఇంకా కుంటుపడుతుంది. ఇక సెకండ్‌హ్యాండ్ కార్డులు. 2022 సెప్టెంబరు 15న ఎథీరియం క్రిప్టో కరెన్సీ తన పద్ధతి మార్చుకొని గ్రాఫిక్స్ కార్డులతో పని లేకుండా చేసుకొన్న తరువాత, అంతవరకు రాత్రింబవళ్లు నడిచిన కార్డులు కుప్పలుగా మార్కెట్టులోకి వచ్చాయి. ఆర్‌ఎక్స్ 580 పేరుతో దొరికే వాటిలో కొన్ని నిజానికి 2048ఎస్‌పి అనే తగ్గించిన రకం. దగ్గర కూర్చొని అరగంట భారీ ఆట నడిపి, వేడీ ఫ్యాను చప్పుడూ చూడకుండా అటువంటి కార్డుకు డబ్బు ఇవ్వరాదు. పూర్వం అది ఎక్కడ పనిచేసిందో తెలియనప్పుడు ఉప్పుగాలికి దాని ఆయుష్షు ఎంతో ఎవరూ చెప్పలేరు.

నిల్వకు ఎస్‌ఎస్‌డి తప్ప వేరే ఆలోచన అనవసరం. ఇప్పటి పెద్ద ఆట ఒక్కటే 100 జీబీ దాటుతుంది కాబట్టి 500 జీబీ త్వరగా నిండుతుంది, వీలైతే 1 టీబీ. కీబోర్డు, మౌసు, హెడ్‌ఫోన్లు ఎప్పుడైనా మార్చుకోవచ్చు, మొదట్లో ఇంట్లో ఉన్నవాటితో నెట్టుకురావచ్చు. ఇంటర్నెట్టుకు వైఫై కన్నా లాన్ తీగ మేలు, ఆటలో ఆలస్యం తగ్గుతుంది. ఫైబర్ తీగలోని గాజు పోగు పిడుగు కరెంటును మోయదు గాని ఆ తీగ వచ్చి చేరే మోడెమ్ పెట్టె అడాప్టరు గోడకే తగిలి ఉంటుంది, కనుక ఉరుములు మొదలైతే కంప్యూటరుతో పాటు దాని ప్లగ్గునూ లాన్ తీగనూ కూడా తీసివేయాలి.

కొనే చోటు విషయానికి వస్తే, సికింద్రాబాదు చెనాయ్ ట్రేడ్ సెంటరులో రకాలు ఎక్కువ, ఉద్దానం నుంచి విశాఖపట్నం సుమారు 200 కిలోమీటర్లు, ఒడిశాలోని బరంపురం ఇంకా దగ్గర, ఆన్‌లైను ఇంటి దగ్గరికే వస్తుంది. ధరలో కొద్ది తేడాకు ఆశపడి బిల్లు వదులుకొంటే వారంటీ కూడా వదులుకొన్నట్లే. కంప్యూటరు భాగాల మీద 18 శాతం జీఎస్టీ పడుతుంది. ఆ బిల్లు మీద ఒక్కొక్క భాగం సీరియల్ నంబరు రాయించుకొని, పెట్టె మీది నంబరుతోనూ లోపలి భాగం మీది నంబరుతోనూ సరిచూసుకోవాలి. పెట్టె లేకుండా అమ్మే ట్రే ప్రాసెసర్లకు తయారీదారు 3 ఏళ్ల వారంటీ సాధారణంగా వర్తించదు, దుకాణదారు మాటే మిగులుతుంది. గల్ఫ్ నుంచి వచ్చే బంధువుల చేత గ్రాఫిక్స్ కార్డు తెప్పించుకొనేవారు ఆ కంపెనీ వారంటీ భారతదేశంలో చెల్లుతుందో లేదో ముందే కనుక్కోవాలి, చాలా కంపెనీలు కొన్న దేశంలోనే చెల్లుబాటు చేస్తాయి.

దుకాణంలో కూర్పించినవారు డబ్బు పూర్తిగా ఇచ్చే ముందు అక్కడే గంటసేపు ఆట నడిపి చూడాలి. ర్యామ్ పూర్తి వేగంతో ఉందా, రెండు పలకలూ సరైన గూళ్లలో ఉన్నాయా అన్నది అప్పుడే అడిగి సరిచేయించుకోవాలి. సోంపేట స్టేషను దాకా రైలులోనో, హైవే మీద బస్సులోనో తెచ్చేటప్పుడు గ్రాఫిక్స్ కార్డును బోర్డు నుంచి విప్పి దాని సొంత పెట్టెలో పెట్టి చేతి సంచిలో తెచ్చుకోవాలి, ఎందుకంటే ఒక పక్కకు వేలాడే ఆ బరువు దారి కుదుపులకు మదర్‌బోర్డు గూటిని విరిచివేస్తుంది, అటువంటి విరుపుకు ఏ కంపెనీ వారంటీ ఇవ్వదు. ఇంటికి చేరాక చెమ్మ పట్టిన పెట్టెను వెంటనే ఆన్ చేయకుండా ఒక పూట ఆరనిచ్చి, కార్డును తిరిగి గుచ్చి, మూడు పిన్నుల ప్లగ్గును ఎర్తు ఉన్న సాకెట్టులో పెట్టిన తరువాతే స్విచ్చి నొక్కాలి.